బాయిలర్ మాది, ఆవిరి పక్కింటిది: ప్లూమ్ కిట్ ఏడాది వాడిన తరువాత

ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో మాదొక సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒకవైపు గోడ మరో ఇంటితో కలిసి ఉండేది. మా వంటింటి గోడకూ పక్కింటి వంటింటి గోడకూ మధ్య ఒక సన్నని సందు, ఆ సందు నడుమ ఒక చెక్క కంచె ఉన్నాయి. ఇల్లు వేడిచేసే మా గ్యాస్ బాయిలర్ ఫ్లూ, అంటే మండిన వాయువులు బయటికి పోయే గొట్టం, ఆ సందులోకే ఉంది. ఆ వాయువులను, ఆవిరిని వేరే చోటికి మళ్లించే పొడిగింపు గొట్టాన్ని, అంటే ప్లూమ్ కిట్‌ను, దానికి బిగించి ఏడాది దాటింది. రెండు చలికాలాలు చూసింది కాబట్టి ఇప్పుడు దాని గురించి నమ్మకంగా రాయగలను. కిట్ మంచి వస్తువే, పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తోంది. అయితే ఆ కిట్ కొనవలసిన అవసరం తెచ్చిపెట్టిన సర్వే, అంటే బాయిలర్ పెట్టేముందు చోటు చూసి కొలిచిన పని, మాత్రం రెండిళ్ల మధ్య నాలుగు నెలల పాటు పలకరింపులు కూడా లేకుండా చేసింది. అందువల్ల కిట్‌కు నేను వేసే మార్కులు వేరు, బాయిలర్ పెట్టిన స్థానిక సంస్థకు వేసే మార్కులు వేరు.

మా పాత బాయిలర్‌ను 2004లో మేడ మీద స్నానాలగది అలమారులో పెట్టారు. దాని ఫ్లూ ఇంటి వెనక గోడలోంచి పెరటి వైపుకు ఉండేది, కాబట్టి దాని ఉనికే ఎవరికీ తెలిసేది కాదు. 2023 నవంబరులో అది మొరాయించినప్పుడు, అలమారు ఖాళీ అవుతుంది కదా అన్న ఆశతో, కొత్త బాయిలర్‌ను కింద వంటింట్లో పెట్టించుకున్నాం. 30 కిలోవాట్ల కాంబి బాయిలర్ (ఇంటి వేడికీ కుళాయి వేడినీటికీ ఒకటే), పని అంతా కలిపి 2,750 పౌండ్లు. వచ్చిన ఇద్దరూ గ్యాస్ పనివారి అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవారే, పని శుభ్రంగా చేశారు, రాగి గొట్టాలు చూడముచ్చటగా వంచారు, పోయేముందు నేల కూడా తుడిచారు. మూడు వారాల్లో బిల్డింగ్ రెగ్యులేషన్స్ (భవన నిర్మాణ నిబంధనలు) సర్టిఫికెట్ టపాలో వచ్చింది. ఆ కాగితాన్ని ఎవరో అధికారి ఇంటికి వచ్చి చూసి ఇచ్చారనుకునేవారు చాలామంది ఉంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి బిగించిన ఇంజనీరే తన పని నిబంధనలకు తగినట్టుగా ఉందని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు తెలియజేస్తే, దాని ఆధారంగా ఆ కాగితం వస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే డిసెంబరులో నేను అంత ధీమాగా మాట్లాడేదాన్ని కాదు.

డిసెంబరు రెండో వారంలో మంచు బాగా పడిన ఒక ఉదయం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టారు. తన వంటింటి కిటికీ అద్దం రోజంతా తడిగా ఉంటోందని, మీ పొగ మా గోడకే వచ్చి కొడుతోందని, ఒకసారి వచ్చి చూడమని మర్యాదగానే అడిగారు. నేను బయటికైనా రాకుండా, గుమ్మంలోనే నిలబడి సర్టిఫికెట్ చూపించి, అంతా సక్రమంగానే ఉందని చెప్పి పంపేశాను. ఈ వివాదంలో మొదటి తప్పు సర్వే చేసినవారిదైతే, రెండోది నిస్సందేహంగా నాదే.

అది పొగ కాదు, ఆవిరి. ఈ తేడా ఆవిడకు చెప్పడం నాకు తేలికగానే అనిపించింది కానీ, వినేవారికి అది ఓదార్పు కాదని తరువాత తెలిసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు, కొద్ది మినహాయింపులు తప్ప, కండెన్సింగ్ రకానివే అయి ఉండాలి. ఘనపు మీటరు సహజవాయువు మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. పాత బాయిలర్లు ఆ ఆవిరిని బాగా వేడిగా బయటికి తోసేవి కాబట్టి అది గబగబా పైకి లేచి కనబడకుండా పోయేది. కండెన్సింగ్ బాయిలర్ ఆ వేడిని కూడా వెనక్కి లాక్కుంటుంది. రేడియేటర్ల నుంచి తిరిగివచ్చే నీరు 55 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఆవిరిలో కొంత భాగం లోపలే నీరవుతుంది. మిగిలినది గోరువెచ్చగా, తడితడిగా బయటికి వచ్చి, చలిగాలి తగలగానే తెల్లగా మారి బద్ధకంగా అక్కడక్కడే తిరుగుతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉన్న మా అత్తగారు సందులో ఆ తెల్లటి మేఘాన్ని చూసి, పక్కవాళ్ల కిటికీ కింద పొయ్యి పెట్టినట్టుంది కదమ్మా అన్నారు. కుక్కర్ ఆవిరి లాంటిదేనని నేను సర్దిచెప్పబోతే, కుక్కర్‌నైనా ఎవరూ పక్కింటి కిటికీకి ఎదురుగా పెట్టరు కదా అన్నారు. ఆవిడతో వాదించి లాభం లేదని అప్పుడు ఊరుకున్నాను. ఆవిడ మాటే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

జనవరిలో మావారు టేపు పట్టుకుని సందులోకి వెళ్లారు. ఇంగ్లండ్‌లో ఈ కొలతలకు ఆధారం బిల్డింగ్ రెగ్యులేషన్స్‌కు సంబంధించిన అప్రూవ్డ్ డాక్యుమెంట్ జె. మా బాయిలర్ లాంటి ఫ్యాన్ ఉన్న వాటి ఫ్లూ చివర, తెరుచుకునే కిటికీకి గానీ, తలుపుకు గానీ, గాలి కోసం పెట్టిన కన్నాల ఇటుకకు గానీ కనీసం 300 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అది సరిహద్దుకు ఎదురుగా తిరిగి ఉంటే ఆ సరిహద్దుకు 600 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. కంచె కంటే ఫ్లూ ఎత్తుగా ఉన్నా సరిహద్దు సరిహద్దే. మా గోడ నుంచి కంచెకు 680 మిల్లీమీటర్లు. సర్వే కాగితంలో రాసిన అంకె అదే, పక్కన టిక్కు కూడా ఉంది. కానీ ఫ్లూ చివర గోడలోంచి 120 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. ఆవిరి వచ్చేది గోడలోంచి కాదు, ఆ చివరలోంచి. మిగిలింది 560. టేపు మీద ఆ అంకెను బొటనవేలితో నొక్కిపట్టి మావారు నన్ను పిలిచి చూపించినప్పుడు, గుమ్మంలో నేను చూపించిన సర్టిఫికెట్ గుర్తొచ్చి తల తిరిగింది. తేడా 40 మిల్లీమీటర్లు, రెండు వేళ్ల వెడల్పు.

అప్పుడే సంస్థకు ఫోన్ చేసి ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో అయిపోయేది. రెండు వేళ్ల తేడాకు ఎవరేం చేస్తారులే అనుకుని, చలికాలం పోనిద్దామని వాయిదా వేశాం. ఈలోగా మార్చిలో పక్కింట్లో కిటికీలు మార్చారు.

ఇక్కడ కిటికీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వివాదం అసలు రంగు మారింది దీనితోనే. ఆవిడ వంటింటికి అంతకుముందు ఉన్నది తెరుచుకోని ఒంటి గరుకు అద్దం, అవతల ఏముందో కనబడనిది. దాని స్థానంలో పక్కకు తెరుచుకునే రెక్క ఉన్న కొత్త కిటికీ పెట్టారు. 2022 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న వెంటిలేషన్ నిబంధనల ప్రకారం ఇలా కిటికీలు మార్చేటప్పుడు చాలా సందర్భాల్లో ఫ్రేము పైభాగంలో ట్రికిల్ వెంట్ అనే సన్నని గాలిచీలిక పెట్టవలసి ఉంటుంది. ఆవిడ కిటికీకీ అది పెట్టారు. మా ఫ్లూ నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చీలిక కూడా ఇంచుమించు అదే ఎత్తున, ఎదురెదురుగా ఉంది. అంతవరకూ అద్దాన్ని తడిపి ఊరుకున్న ఆవిరి, ఆ రోజు నుంచి కిటికీ మూసి ఉన్నా లోపలికి పోవడం మొదలుపెట్టింది. ఫ్లూ చివర నుంచి ఆవిడ గోడకు మీటరుంపావు దూరమే ఉంది. ఎదురుగా తెరుచుకునే కిటికీ ఉంటే అంతకంటే ఎక్కువ దూరం ఉండాలని మా బాయిలర్ మాన్యువల్‌లోనే ఉంది.

ఆ కిటికీ బిగించినవారు ఫెన్సా అనే కిటికీ సంస్థల పథకంలో ఉన్నవారు. ఆ పథకం కింద పాత కిటికీ స్థానంలో కొత్తది పెట్టినప్పుడు కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) విడిగా దరఖాస్తు చేయనక్కరలేదు, సంస్థే ధ్రువీకరించుకుంటుంది. పనితనం చూస్తే నాకే ముచ్చటేసింది, సిలికాన్ గీత ఎక్కడా వంకర పోలేదు. అయితే నిచ్చెన వేసుకుని మా ఫ్లూకి వీపు పెట్టి రెండు రోజులు పనిచేసిన ఆ మనిషి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. నవంబరులో మా ఇంజనీరు ఎదుటి గోడ వైపు చూడలేదు, మార్చిలో వారి మేస్త్రీ మా గోడ వైపు చూడలేదు. ఇద్దరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి.

నా మొదటి వాదన ఏమిటంటే, ఫ్లూ ముందు, కిటికీ తరువాత. వెనక వచ్చినవారే సర్దుకోవాలి కదా. పైగా గరుకు అద్దం పోయి తేటద్దం వచ్చేసరికి మా వంటిల్లంతా వారికి కనబడుతోందన్న ఉక్రోషం కూడా అందులో కలిసింది. ఈ రెండో సంగతికి ఇంగ్లండ్ చట్టంలో పెద్దగా బలం లేదు. ప్లానింగ్ అనుమతి అక్కరలేకుండా చేసుకునే పనుల్లో, పక్క గోడకు పెట్టే మేడ మీది కిటికీలకు గరుకు అద్దం ఉండాలని, ఆ గది నేల నుంచి 1.7 మీటర్ల లోపు భాగం తెరుచుకోకూడదని షరతు ఉంది కానీ, అది కింది అంతస్తుకు వర్తించదు. లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం వీక్షణ వేదిక మీద నుంచి సందర్శకులు ఎదుటి ఫ్లాట్లలోకి చూడడం న్యూసెన్సే, అంటే చట్టం ఒప్పుకోని ఇబ్బందేనని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముగ్గురి మాట మీద ఇద్దరి అసమ్మతితో తీర్పిచ్చింది. దాన్ని పట్టుకుని నేను కొంత ఉత్సాహపడ్డాను కూడా. కానీ లక్షలమంది వచ్చి చూసే వేదిక వేరు, ఒక పెద్దావిడ గిన్నెలు కడుక్కునే కిటికీ వేరు. మేము ఒక తెర కొనుక్కున్నాం, ఆ సమస్య 22 పౌండ్లతో తీరిపోయింది.

ఫ్లూ ముందా కిటికీ ముందా అన్న వాదన కూడా నిలబడలేదు, ఎందుకంటే సరిహద్దుకు ఉండవలసిన దూరం కిటికీ రాకముందే 40 మిల్లీమీటర్లు తక్కువ. ఆవిడ కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాస్తానన్నారు. 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇళ్ల నుంచి వచ్చే వాయువులు ఆరోగ్యానికి హాని చేసేవిగానో, భరించలేనివిగానో ఉంటే కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు. మావారు ఆవిడతో కంచె దగ్గర నిలబడి నెమ్మదిగా చెప్పినది వేరే విషయం. ఇక్కడ ఇల్లు అమ్మేటప్పుడు సాధారణంగా నింపే టీఏ6 పత్రంలో పొరుగువారితో తగాదాలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్లిందంటే ఆ జవాబు రెండిళ్లవారికీ ఇబ్బందే. ఆవిడకు రెండేళ్లలో ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లాలని ఉంది. అందుకని, ముందు మరో ఇంజనీరును పిలిపించి చూపిద్దామని, అతను చెప్పినట్టు నడుచుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ రెండో ఇంజనీరు తనిఖీకి 90 పౌండ్లు తీసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఏ చింతా లేకుండా చెల్లించిన డబ్బు అదొక్కటే. అతను మా వైపు కొలిచి, ఆవిడ అనుమతితో ఆ వైపుకు వెళ్లి వంటింట్లో నిలబడి కొలిచి, బాయిలర్‌ను పూర్తి వేడి మీద నడిపించి, ఆవిరి ఏ దారిన పోతోందో పది నిమిషాలు చూశాడు. ఆవిడ తన డబ్బుతో కొనుక్కున్న, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఒక్కసారి కూడా మోగలేదని నేను గుర్తుచేస్తే, మోగేదాకా ఆగమని ఏ నిబంధనా చెప్పదన్నాడు. తరువాత బాయిలర్ మీద ‘ఎట్ రిస్క్’ (ప్రమాదానికి అవకాశం ఉంది) అని రాసి ఉన్న హెచ్చరిక కాగితం అంటించి, మా అనుమతి తీసుకుని దాన్ని ఆపేశాడు. మార్చి చలిలో నాలుగు రోజులు విద్యుత్ హీటర్లతో గడిపాం. మొదటి సంస్థవారికి టేపు కనబడేలా తీసిన ఫొటో పంపితే, అంతవరకూ మూడుసార్లు తిరిగి ఫోన్ చేస్తామని చేయనివారు ఆ మధ్యాహ్నమే చేశారు.

ఇప్పుడు కిట్ సంగతి. మా బాయిలర్ ఫ్లూ రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఉండే రకం. లోపలి 60 మిల్లీమీటర్ల గొట్టంలోంచి మండిన వాయువులు బయటికి పోతాయి, వెలుపలి 100 మిల్లీమీటర్ల గొట్టంలోంచి మంటకు కావలసిన గాలి లోపలికి వస్తుంది. ప్లూమ్ కిట్ ఈ లోపలి గొట్టాన్ని మాత్రమే పొడిగించి వేరే చోటికి తీసుకుపోతుంది. గాలి పీల్చే నోరు పాత చోటే ఉంటుంది. దాని వల్ల పక్కింటికి ఏ బాధా లేదు. పెట్టెలో రెండు వంపులు, మూడు మీటర్ల తెల్ల గొట్టం ముక్కలు, గోడకు బిగించే బ్రాకెట్లు, రబ్బరు సీళ్లు, చివర పెట్టే మూత ఉన్నాయి. ధర 118 పౌండ్లు. బాయిలర్ తయారుచేసిన కంపెనీదే కొనాలి. కొలత సరిపోయింది కదా అని వేరే కంపెనీది చవగ్గా కొంటే, బాయిలర్ తయారీదారు దాన్ని ఆమోదించి ఉంటే తప్ప, సరైన ఇంజనీరెవరూ బిగించరు. గొట్టం మొత్తం పొడవుకు ఒక హద్దు ఉంది, ఒక్కో వంపు ఆ హద్దులోంచి కొంత తినేస్తుంది. ఈ లెక్క మాన్యువల్‌లో పట్టికగా ఉంది కానీ దాన్ని నాలుగుసార్లు చదివితే గానీ నాకు అర్థం కాలేదు.

మాకు గొట్టం ఫ్లూ దగ్గర పైకి తిరిగి ఒక మీటరు లేచి, అక్కడ నుంచి మా గోడ వెంబడే రెండు మీటర్లు వెనక్కి పోయి, పెరటి మూలన ముగుస్తుంది. కూలి డబ్బులు మొదటి సంస్థ వదులుకుంది, కిట్ ధర మేం పెట్టుకున్నాం. వారి ఇంజనీరు, ఒక శిక్షణార్థి కలిసి రెండున్నర గంటల్లో పని ముగించారు. మరుసటి ఉదయం చూస్తే గొట్టం చివర నుంచి బొట్టు బొట్టుగా నీరు కారి, కింద రాతిపలకల మీద చిన్న మడుగు కట్టింది. రాత్రి గడ్డకడితే ఎవరైనా జారి పడేవారే. మళ్లీ పిలిస్తే పెద్ద ఇంజనీరు వచ్చి, గొట్టం మీద లెవెల్ పెట్టి చూశాడు. బుడగ మధ్య గీతలు దాటి బాయిలర్ వైపుకు జరిగి ఉంది, అంటే వాలు పెరటి వైపుకు ఉంది. లోపల పేరుకున్న నీరు వెనక్కి బాయిలర్‌లోకే పారి, దాని డ్రెయిన్ గొట్టంలోంచి పోవాలి. అందుకు మీటరుకు సుమారు 50 మిల్లీమీటర్ల వాలు బాయిలర్ వైపుకు ఉండాలి. శిక్షణార్థి కుర్రాడు అడ్డగొట్టం వానగొట్టంలా పెరటికి పారేలా పెట్టేశాడు. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడడం చూసి నేనే టీ పెట్టి ఇచ్చాను. బ్రాకెట్లు విప్పి మళ్లీ బిగించడానికి నలభై నిమిషాలు పట్టింది.

అన్నీ అయ్యాక పరీక్ష యంత్రం గొట్టం పెట్టి చూసిన అంకెలను నాకు చూపించారు. కండెన్సింగ్ బాయిలర్‌లో కార్బన్ మోనాక్సైడ్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ ఉన్న నిష్పత్తి 0.004 దాటకూడదు. మాది 0.0009 వచ్చింది. గాలి పీల్చే చోట ఆక్సిజన్ 20.6 శాతానికి తగ్గకూడదు, అంటే బయటికి పోయినది మళ్లీ లోపలికి రాకూడదు. మాది 20.9. నవంబరులో ఈ పరీక్ష చేసిన కాగితం కూడా మాకు ఇచ్చారు. అందులో అంకెలు అన్నీ బాగానే ఉన్నాయి. లేనిదల్లా సందుకు అవతల ఏముందో రాయడానికి ఒక గడి.

రెండు చలికాలాల తరువాత లోపాలు చెప్పాలంటే ఉన్నాయి. గోడ మీద తెల్ల గొట్టం అందంగా లేదు, ఇటుక రంగుకు కలిసేది దొరకలేదు. మంట ఆగినప్పుడు లోపలి నీరు వెనక్కి జారుతూ కొన్ని సెకన్లు గుడగుడమంటుంది, వంటింట్లో నిశ్శబ్దంగా ఉంటే వినబడుతుంది. బాగా చలి ఉన్న ఉదయాల్లో ఆవిరి ఇప్పుడు మా సొంత పెరట్లోనే, సరిగ్గా బట్టల తీగ మీదుగా పోతుంది. దాని గురించి ఫిర్యాదు చేయడానికి నాకు పొరుగువారెవరూ లేరు. పక్కింటి కిటికీ అద్దం మాత్రం పొడిగా ఉంటోంది. ఆవిడ పొద్దున్నే రెక్క తెరిచి రేడియో పెట్టుకుంటారు, వార్తలు మా వంటింట్లోకి కూడా వినబడతాయి.

కిట్‌కు ఐదుకు నాలుగు. బిగించిన తీరుకు, తప్పు సరిదిద్దినందుకు కలిపి మూడు. మొదటి సర్వేకు ఒకటి, అదీ నేల తుడిచినందుకు. ఆ సంస్థవారు ఇప్పుడు సర్వే ఫొటోల్లో ఎదుటి గోడది కూడా ఒకటి అడుగుతున్నారని ఇటీవల వారి దగ్గర బాయిలర్ పెట్టించుకున్న మా స్నేహితురాలు చెప్పింది. అది నిజమైతే ఆ ఒకటిని రెండు చేస్తాను. పెరటి వైపు ఉన్న రెండో బ్రాకెట్ స్క్రూ మొన్నటి గాలివానకు కొద్దిగా వదులైంది. వచ్చే నెల వార్షిక సర్వీసుకు వచ్చినప్పుడు దాన్ని బిగించి, వాలు మరోసారి లెవెల్ పెట్టి చూడమని చీటీ రాసి బాయిలర్ తలుపుకు అంటించాను.